సేవ చెయ్య వచ్చినోళ్లారా, మా చేతి నీళ్లు తాగుతరా?

కులం మనకు ఇవ్వడం ఏనాడూ ఆపలేదు. మిగిలిన అన్నం ఇచ్చింది. పాత ధోవతి, చినిగిన చీర ఇచ్చింది. చచ్చిన గొడ్డును ఇచ్చింది. కల్లం ఊడ్చుకొమ్మని అడుగు గింజలు ఇచ్చింది. ఇట్లా ఇచ్చినందుకు కులానికి మైల అంటలేదు. పైగా పుణ్యం వచ్చిందని చెప్పుకున్నది.

కులం ఆపింది ఇంకొకటి. మన చేతి నుంచి పుచ్చుకోవడాన్ని ఆపింది. మన కుండలో నీళ్లు తాగొద్దు. మన పొయ్యి మీది అన్నం తినొద్దు. మన మాట వినొద్దు. మనకు తెలిసిన సంగతి నేర్చుకోవద్దు. మన రెక్కల కష్టాన్ని మాత్రం ఏ మైలా లేకుండా తీసుకున్నది. దానికి వెట్టి అని పేరు పెట్టింది, ఆనవాయితీ అని పేరు పెట్టింది.

కనుక అన్నలారా, అక్కలారా, ఇచ్చే చేతిని చూసి అదే దయ అనుకోవద్దు. ఇవ్వడం కులానికి కొత్త కాదు. ఇచ్చినోడు మన దగ్గర ఏం పుచ్చుకున్నడు? మన దగ్గర ఏం నేర్చుకున్నడు? అసలు పరీక్ష అక్కడ ఉన్నది.

ఈ మాట ఇప్పుడెందుకు అంటారా? నిజామాబాద్ పట్టణంలో, బోధన్ చుట్టు పల్లెల్లో ఇప్పుడు సేవ చేసేవాళ్లకు కరువు లేదు. ఏప్రిల్ 14 వచ్చిందంటే బాబాసాహెబ్ విగ్రహం ముందు పండ్లు పంచుతరు, దుప్పట్లు పంచుతరు. దుప్పటి ఒక చివర ఇచ్చేవాని చేతిలో, ఇంకో చివర మన ముసలవ్వ చేతిలో ఉండగా ఫోటో దిగుతరు. ఫోటో దిగేదాకా దుప్పటి వదలరు. 2013 కంపెనీల చట్టం వచ్చినంక పెద్ద కంపెనీలు తమ లాభంలో నూటికి రెండు రూపాయలు సమాజం కోసం ఖర్చు పెట్టాలె. ఆ డబ్బుతో కొత్త కొత్త సంస్థలు వాడకు వస్తున్నయి. రానీయండి. మేం వద్దనడం లేదు. వచ్చేవాళ్లను ఏ ప్రశ్న అడగాలో మన వాడకు తెలిసి ఉండాలె అంటున్నాం.

ఆనందుడు నీళ్లు అడిగిండు

బాబాసాహెబ్ తన చివరి పుస్తకం ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో ప్రకృతి అనే చండాల పిల్ల కథ చెప్పిండు. ఆ పుస్తకం ఆయన పోయినంక 1957లో అచ్చయింది. కథ చిన్నది. బుద్ధుని శిష్యుడు ఆనందుడు దాహంతో వచ్చి, కుండ నింపుకుంటున్న ఆ పిల్లను నీళ్లు అడిగిండు. నేను చండాల దాన్ని, నీకెట్ల పొయ్యాలె అని ఆ పిల్ల వెనక్కి జరిగింది. నాకు కావల్సింది నీళ్లు, నీ కులంతో నాకు పని లేదన్నడు. తాగిండు.

దీంట్లో మనం పట్టుకోవాల్సింది ఏంది? ఆనందుడు ఆ పిల్లకు ఏమీ ఇవ్వలేదు. పండు ఇవ్వలేదు, బట్ట ఇవ్వలేదు, నీతి చెప్పలేదు. అడిగిండు. పుచ్చుకున్నడు. ఆ ఒక్క దోసిలితో ఆ పిల్ల ఇచ్చేదయింది. పుట్టిన నాటి నుంచి చెయ్యి చాపడమే నేర్పిన లోకంలో మొదటిసారి తన చెయ్యి పైన ఉన్నది, ఎదుటివాని చెయ్యి కింద ఉన్నది.

మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగే హక్కును 1927 మార్చి 20న బాబాసాహెబ్ మనవాళ్లను వెంటబెట్టుకొని పోయి తీసుకున్నడు. ఊరి నీళ్లు మనం తాగడం సగం పని. మన నీళ్లు ఊరు తాగడం మిగతా సగం. మొదటి సగానికి చట్టం ఉన్నది, కోర్టు ఉన్నది, కేసు పెట్టొచ్చు. రెండో సగానికి ఏ చట్టమూ లేదు. అందుకే సేవ చేసేవాళ్లు వాడకొస్తే మేం మొదట చూసేది అదే. మంచం మీద కూర్చున్నడా? చెంబుతో నీళ్లిస్తే తాగిండా? లేక సంచిలోంచి తన సీసా తీసిండా?

బుద్ధుడు కరుణతో ఆగొద్దన్నడని, మైత్రి దాకా పోవాలన్నడని బాబాసాహెబ్ రాసిండు. ఈ రెండింటినీ మేం మా భాషలో ఇట్లా అర్థం చేసుకుంటున్నాం. కరుణ బాధలో ఉన్నోని దిక్కు చూస్తది. మైత్రి పక్కన కూర్చుంటది. ఒకడు ఎప్పుడూ ఇచ్చేటోడు, ఇంకొకడు ఎప్పుడూ పుచ్చుకునేటోడు అయినకాడ దోస్తానా కుదరదు.

డిచ్‌పల్లి దవాఖాన ఎవరిది?

నిజామాబాద్ నుంచి హైదరాబాద్ పోయే తొవ్వలో డిచ్‌పల్లి ఉన్నది. 2006లో పెట్టిన తెలంగాణ యూనివర్సిటీతో ఇయ్యాల పిల్లలకు ఆ పేరు తెలుసు. అంతకు తొంభై ఏండ్ల ముందే ఆ పేరు దేశదేశాలకు తెలుసు. అక్కడ కుష్ఠు రోగుల దవాఖాన ఉన్నది. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త పాదిరి జార్జి కెర్ దాన్ని మొదలుపెట్టిండ్రు. వాళ్లు 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చిండ్రు. 1915లో డిచ్‌పల్లిలో దవాఖాన తెరిచిండ్రు. 1923లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చిండ్రు. 1932లో ఆమె చనిపోయింది.

ఈ దవాఖాన గురించి రెండు కథలు నడుస్తున్నయి. ఒకటి – తెల్లదొరసాని దేవతలెక్క వచ్చి అనాథలను ఉద్ధరించింది. రెండోది – మతం మార్చడానికి వచ్చిండ్రు, మందు ఒక సాకు. మొదటి కథ చర్చి గోడల మధ్య వినపడుతది. రెండో కథ కాషాయం జెండా కింద వినపడుతది. రెండు కథలూ కొట్లాడుకున్నట్టు కనపడతయి గానీ ఒక సంగతిలో రెండూ ఒక్కటే. రెండింట్లోనూ మనం లేం. ఒక కథలో మనం ఉద్ధరించబడినోళ్లం, ఇంకో కథలో మోసపోయినోళ్లం. తెలివి, మాట, చెయ్యి ఉన్న మనుషులం ఏ కథలోనూ కాదు.

నిజం ఏంది? భూమి, ఇటుక, కట్టడం కావాలంటే పైసలు కావాలె. నిజామాబాద్ ధనికుడు నర్సాగౌడ్ పెద్ద మొత్తం ఇచ్చిండు. ఆయన క్రైస్తవుడు కాదు. ఇక మందు సంగతి. ఆ రోజుల్లో కుష్ఠుకు వాడిన మందు సీమ నుంచి రాలేదు. చాల్‌ముగ్రా జాతి చెట్ల గింజల నూనె అది. ఈ దేశపు అడవుల్లో దొరుకుతది, ఈ దేశపు పాత వైద్యులకు ఎప్పటి నుంచో తెలుసు. తాగితే కడుపులో తిప్పేది, వాంతి అయ్యేది. దాన్ని సూదిమందుగా వాడే పద్ధతులను కలకత్తాలో పనిచేసిన రోజర్స్, మ్యూర్ అనే డాక్టర్లు పెంచిండ్రు. 1920లలో డిచ్‌పల్లి లాంటి దవాఖానలకు ఆ సూదిమందు చేరింది. అంటే గింజ మనది, సూది వాళ్లది. రెండూ కలిస్తేనే వైద్యం అయింది. అది పూర్తిగా నయం చేసే మందు కాదు. డాప్సోన్ 1940లలో వచ్చింది. మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో చెప్పింది.

ఇంకొక సంగతి మరీ ముఖ్యం. కుష్ఠును డాక్టరు ఎట్ల పసిగడతడు? చర్మం మీద మచ్చ ఉంటది. రోగిని కండ్లు మూసుకొమ్మని, దూదితో మచ్చ మీద తాకుతడు. ‘తెలుస్తుందా?’ అని అడుగుతడు. తెలియకపోతే ఆ రోగం ఉన్నదని గట్టి గుర్తు. ఎంత చదివిన డాక్టరు అయినా తాకాలె, అడగాలె, రోగి మాట నమ్మాలె. రోగి నోటి మాటే అక్కడ సగం పరీక్ష. ఎవరిని తాకొద్దని ఊరు వెలివేసిందో వాళ్లను తాకకుండా, ఎవరి మాట లెక్కలోకి రాదన్నదో వాళ్ల మాట వినకుండా ఆ వైద్యం మొదలే కాదు. ఇసబెల్ కెర్ గొప్పతనం మాకు అక్కడ కనపడుతది. కర్మ అని, పూర్వజన్మ పాపం అని మన పండితులు మొఖం తిప్పుకున్న శరీరాన్ని ఆమె తాకింది, దాని మాట విన్నది. ఆమె పేరును మేం మరువం.

పతకం ఆమెకు వచ్చింది. సంతోషం. మరి దవాఖాన అంటే డాక్టరు ఒక్కతేనా? పుండ్లు కడిగినోళ్లు, కట్లు ఉతికినోళ్లు, నీళ్లు మోసినోళ్లు, వంట చేసినోళ్లు, తానే రోగి అయి ఉండి పక్క రోగికి అన్నం తినిపించినోళ్లు – వీళ్లకు ఏ పతకం వచ్చింది? వేళ్లు మొద్దుబారిన మనిషి కాలకుండా కుండ ఎట్ల దించాలో ఏ వైద్య పుస్తకం చెప్పలేదు. ఆ మనుషులే కనుక్కొని ఒకరికొకరు నేర్పుకున్నరు. ఆ చదువును కూడా చదువు అంటేనే డిచ్‌పల్లి చరిత్ర పూర్తి అవుతది.

మందు దొరికినంత తొందరగా మనసు మారలేదు. బ్రిటిష్ సర్కారు 1898లో కుష్ఠు రోగులను పట్టి ఆశ్రమాల్లో పెట్టే చట్టం చేసింది. ఆ చట్టం పూర్తిగా పోయింది 2016లో. కుష్ఠు ఉన్నదని మొగుడో పెండ్లామో విడాకులు అడగొచ్చన్న నిబంధనను 2019లో తీసేసిండ్రు. రోగం నయమైనంక కూడా దశాబ్దాల పాటు చట్టం అంటరానితనం పాటించింది. మనకు ఇది అర్థం కావడానికి వేరే పాఠం అక్కర లేదు.

1932లో బాబాసాహెబ్ అడిగిన ప్రశ్న

పూనా ఒడంబడిక అయినంక 1932 సెప్టెంబర్‌లో గాంధీ మనుషులు అంటరానితనం పోగొట్టే సంఘం పెట్టిండ్రు. తర్వాత దాని పేరు హరిజన సేవక్ సంఘ్ అయింది. బాబాసాహెబ్‌ను కూడా మొదట దాని కేంద్ర బోర్డులో వేసుకున్నరు. అదే ఏడు నవంబర్‌లో ఆయన లండన్ పోతూ ఓడలో కూర్చుని సంఘం కార్యదర్శి ఠక్కర్‌కు పెద్ద ఉత్తరం రాసిండు. దాంట్లో రెండు సంగతులు గట్టిగా చెప్పిండు. ఒకటి – ఒక్కొక్క మనిషికి మంచి అలవాట్లు నేర్పే పని కాదు, బావి, బడి, బండి, కొలువు కాడ హక్కు ఇప్పించే పని చెయ్యండి. రెండు – పనిచేసేవాళ్లను అంటరాని కులాల నుంచే తీసుకోండి. జీతానికి పని చేసేవాడు వేరు, ప్రేమతో చేసేవాడు వేరు.

జవాబు రాలేదు. బాబాసాహెబ్ ఆ సంఘం నుంచి బయటికొచ్చిండు. తర్వాత మనవాళ్లు పోయి, బోర్డులో మమ్మల్ని పెట్టరా అని గాంధీని అడిగితే వచ్చిన సమాధానం ఏంది? ఇది హిందువులు చేసుకునే ప్రాయశ్చిత్తం, పైసలు హిందువులవి, కనుక నడపాల్సింది హిందువులే అని. ఈ సంగతంతా బాబాసాహెబ్ 1945లో ‘కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి ఏమి చేశారు’ అన్న పుస్తకంలో రాసి పెట్టిండు.

చూడండి. పుండు మనది. ప్రాయశ్చిత్తం వాళ్లది. మనం లేకుండానే మన సేవ నడిచింది. ఇది పాత ముచ్చట అని తీసెయ్యొద్దు. 2019 ఫిబ్రవరిలో ప్రయాగ కుంభమేళాలో ప్రధానమంత్రి ఐదుగురు సఫాయి కార్మికుల కాళ్లు కడిగిండు. దేశమంతా టీవీలో చూసింది. కాళ్లు కడగడం కూడా ఇవ్వడమే. మరి ఆ కార్మికుల నుంచి పుచ్చుకున్నది ఏంది? వాళ్లకు ఏం కావాలో చెప్పిన మాట పుచ్చుకున్నరా? మోరీల్లో మనిషిని దించొద్దని 2013లో చట్టం ఉన్నది. దిగి చచ్చినోని ఇంటికి పది లక్షలు ఇయ్యాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. పైసలు పెరిగినయి, మోరీల్లో చావులు ఆగలేదు. కాళ్లు కడిగే పళ్లెం కన్న మోరీ శుభ్రం చేసే మిషను అవసరం.

నిజామాబాద్‌కు వచ్చిన వకీలు

మరి బయటి నుంచి వచ్చినోళ్లంతా ఇట్లనే ఉంటరా? ఉండరు. మన జిల్లాలోనే రుజువు ఉన్నది. బొజ్జా తారకం (1939–2016) కోనసీమలో పుట్టినోడు. గోదావరి జిల్లా యాస, గోదావరి జిల్లా తిండి, అక్కడి దళిత ఉద్యమం ఆయన వెంట ఉన్నయి. 1970లలో నిజామాబాద్‌లో వకీలు పని చేసిండు. ఈ గడ్డ మీదనే అంబేడ్కర్ యువజన సంఘం పెట్టిండు. ఎమర్జెన్సీలో జైలుకు పోయిండు. 1985 జులైలో కారంచేడు జరిగినప్పుడు హైకోర్టులో ప్రభుత్వ వకీలు కొలువు వదిలి రోడ్డు మీదికి వచ్చిండు.

కోనసీమకూ నిజామాబాద్‌కూ నడుమ ఉన్న దూరం చిన్నది కాదు. అక్కడ బ్రిటిష్ సర్కారు నడిచింది, ఇక్కడ నిజాం సర్కారు. అక్కడ మిషన్ బడులు ఎక్కువ, ఇక్కడ వెట్టి ఎక్కువ. కోర్టు కాగితాల్లో ఉర్దూ మాటలు, కూలోళ్ల నోట్లో తెలంగాణ తెలుగు. సెక్షన్ల నంబర్లు తెలిసినంత మాత్రాన ఈ జిల్లాలో వకీలు పని నడవదు. పటేల్ ఎవరు, పట్వారీ ఏం రాసిండు, ఏ భూమి ఎవరు దున్నితే ఎవరి పేరున ఉన్నది – ఇది కూలి మనిషికే తెలుసు. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అన్న తారకం పుస్తకం ఇయ్యాలటికీ సంఘాల చేతుల్లో తిరుగుతది. లా కాలేజీలో చదివిన చదువుతోనే అట్లాంటి పుస్తకం రాదు. స్టేషన్ ముందు భయంతో నిలబడ్డోళ్లు అడిగే ప్రశ్నలు విన్నోడే రాయగలడు. ప్రశ్న వాడ ఇచ్చింది, జవాబు వకీలు వెతికిండు.

బాబాసాహెబ్ 1950లో ఔరంగాబాద్‌లో కాలేజీ పెట్టిండు. అప్పుడు ఔరంగాబాద్ కూడా మన హైదరాబాద్ రాజ్యంలోదే. ఆ కాలేజీకి మిలింద అని పేరు పెట్టిండు, ఆవరణకు నాగసేనవనం అని పెట్టిండు. మిలిందుడు ప్రశ్నలు అడిగిన రాజు. నాగసేనుడు జవాబు చెప్పిన భిక్షువు. కాలేజీకి జవాబు చెప్పినోని పేరు కాదు, అడిగినోని పేరు పెట్టిండు. రాజు అయి ఉండి భిక్షువు ముందు కూర్చుని అడిగినోని పేరు అది. సేవ చెయ్యవచ్చేవాళ్లు ఆ పేరును గుర్తు పెట్టుకుంటే చాలు.

చెరుకు తోటలో భాషలు

ఇప్పుడు మన బోధన్ దిక్కు చూద్దాం. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. నీళ్లు వచ్చినయి, నీళ్ల వెంట చెరుకు వచ్చింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు. కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టిండ్రు. మరాఠ్వాడా నుంచి కూలోళ్లు వచ్చిండ్రు. తండాల నుంచి లంబాడోళ్లు వచ్చిండ్రు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ – నాలుగు భాషలు ఒక్క గట్టు మీద వినపడ్డయి. 2002లో ఫ్యాక్టరీని ప్రైవేటు చేతుల్లో పెట్టిండ్రు. 2015 డిసెంబర్‌లో లే-ఆఫ్ బోర్డు పెట్టి మూసిండ్రు. ఆ గేటు ముందు ధర్నాలో ఏ కులపోడు, ఏ జిల్లావోడు అని ఎవరూ అడగలేదు. రోడ్డున పడ్డోళ్ల ఇండ్లకు బియ్యం బస్తాలు మోసుకొచ్చిన దాతలు ఉన్నరు. బకాయి జీతాల లెక్క కార్మికుల దగ్గర కూర్చుని నేర్చుకొని, వాళ్ల వెంట లేబర్ ఆఫీసుకు నడిచినోళ్లు ఎంతమంది?

చెరుకు నరికే పనిలో మరాఠ్వాడా కూలోళ్ల లెక్క ఒకటి ఉన్నది. మొగుడు, పెండ్లాం కలిపి ఒక ‘కోయతా’. కోయతా అంటే కొడవలి. ఇద్దరు మనుషులను ఒక్క కొడవలిగా లెక్కపెట్టి అడ్వాన్సు ఇస్తరు. పని నాగా అయితే అడ్వాన్సులో కోత పడుతది. 2019లో బీడ్ జిల్లా సంగతి బయటికి వచ్చింది. చెరుకు నరికే ఆడవాళ్లలో చాలామందికి చిన్న వయసులోనే గర్భసంచి తీసేసిండ్రు. మహారాష్ట్ర సర్కారు కమిటీ వెయ్యాల్సి వచ్చింది. ఆ ఆడవాళ్లు కడుపునొప్పి అని డాక్టరు దగ్గరికి పోయిండ్రు. ఆపరేషన్ దొరికింది. నువ్వేం పని చేస్తవు, ముట్టయిననాడు సెలవు ఉంటదా, తోటలో నీళ్లున్నయా, బహిర్భూమికి చాటు ఉన్నదా – ఈ ప్రశ్నలు అడిగి ఉంటే రోగం కడుపులో లేదు, పని పద్ధతిలో ఉన్నదని తెలిసేది. దూదితో తాకి ‘తెలుస్తుందా’ అని అడిగే వైద్యానికీ, అడగకుండా కోసే వైద్యానికీ తేడా అది. మన దిక్కు చెరుకు తోటల్లో మెడికల్ క్యాంపు పెట్టేవాళ్లు గోలీల డబ్బా తెరవకముందు ఈ ప్రశ్నలు వెంట తెచ్చుకోవాలె.

బడి కూడా ఇట్లనే. మేం బడిపంతుళ్లం కూడా. వాడ నుంచి మొదటి తరం డిగ్రీ చదివినోళ్లం. మా బడుల్లో ఏండ్ల తరబడి చూస్తున్నాం. పిల్ల ‘తొవ్వ’ అంటే పుస్తకం ‘దారి’ అంటది. పిల్ల ‘ఆనిగెపుకాయ’ అంటే పుస్తకం ‘సొరకాయ’ అంటది. రెండూ తెలుగే అయితే పిల్ల మాట కింద ఎర్రగీత ఎందుకు పడాలె? బీడీలు చుట్టే తల్లి బిడ్డకు ఇరవై అయిదు బీడీల కట్ట తెలుసు, నలభై కట్టలైతే వెయ్యి అని తెలుసు, పనికిరావని పక్కన పడేసినయి పోగా చేతికెంత వస్తదో తెలుసు. ఆ లెక్కతో గుణకారం, తీసివేత మొదలుపెడితే పిల్ల పంతులుకే నేర్పుతది. తునికాకు తడి ఎంత ఉండాలో, దారం ఎక్కడ ముడి వెయ్యాలో పంతులుకు తెలియదు. ‘నాకు తెల్వదు బిడ్డా, చెప్పు’ అన్న పంతులు ముందు ఆ పిల్ల వంచిన తల ఎత్తుతది.

మన ఇంట్లో గిలాస ఎవరికి?

ఊరిని అడిగే ప్రశ్న మన వాడను కూడా అడగాలె. లేకుంటే మన మాటకు బలం ఉండదు.

బోధన్ పక్కన అమ్దాపూర్‌లో చిందుల ఎల్లమ్మ ఉండేది. 2005లో పోయింది. చిందు భాగవతంలో ఆమె వేషం కడితే రాత్రంతా జనం కదిలేటోళ్లు కాదు. యూనివర్సిటీల నుంచి చదువుకున్నోళ్లు ఆమె దగ్గరికి వచ్చి కూర్చుని నేర్చుకున్నరు. అది మంచి పని. మరి మన వాడ ఏం చేసింది? చిందోళ్లు మాదిగలను ఆశ్రయించి బతికే కులం. డక్కలోళ్లు జాంబపురాణం చెప్పి మాదిగల పుట్టుక చెప్పేటోళ్లు. మన కులం పెద్దదని చెప్పేటోడు వాడు, వాణ్ని ఇంట్లోకి రానియ్యనిది మనం. వాడికి బియ్యం ఇచ్చినం, వాని ఇంట్ల తినలేదు. ఇది ఊరి దొర నేర్పిన పాఠం కాదా? ఇవ్వొచ్చు, పుచ్చుకోవద్దు – అదే సూత్రం మన గడప లోపల కూడా కూర్చున్నది.

మాల, మాదిగ నడుమ కూడా ఇదే. తెలంగాణలో వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. కొలువులు, సీట్ల పంపకం చట్టం చూసుకుంటది. ఒకరింట్ల ఒకరు తినుడు, పిల్లనిచ్చి పుచ్చుకునుడు, ఒకరి సభలో ఒకరు వెనక కూర్చుని వినుడు చట్టం చెయ్యలేదు. ఉద్యోగం వచ్చి పట్నంలో ఇల్లు కట్టినోళ్లు కూడా వాడకు ఏడాదికొక్కసారి నోటు పుస్తకాలు పంచడానికి వస్తున్నరు. ఆ ఒక్క పూట వాడలో తిని, రాత్రి పండుకొని, బోరింగ్ కాడ ఆడవాళ్ల ముచ్చట విని పోతే ఏ పుస్తకం అవసరమో వాళ్లకే తెలుస్తది.

‘అయితే సాయం వద్దంటరా?’

ఇట్లా మాట్లాడితే కొందరికి కోపం వస్తది. ‘ఆకలిగొన్నోనికి అన్నం పెట్టేటప్పుడు ఈ లెక్కలన్నీ ఎందుకు? ఉపకారం చేస్తే తప్పులు వెతుకుతరా?’ అంటరు. వరద వచ్చిననాడు, ఇల్లు కాలిననాడు ఎవరు అన్నం తెచ్చినా తింటం. మందు ఎవరిచ్చినా మింగుతం. పానం కన్న పెద్దది లేదు. కానీ వరద ఒక్కనాడు. మన ఆకలి రోజూ ఉన్నది, దానికి కారణం ఉన్నది. కూలి రేటు, భూమి, రేషన్, స్కాలర్‌షిప్పు, హాస్టల్ – ఇవి హక్కులు. వీటిని అడగనియ్యకుండా దుప్పటి కప్పేది సేవ కాదు, నోరు మూసే గుడ్డ.

ఇంకొందరు మనవాళ్లే అంటరు – ‘బయటోడు ఎవడూ వద్దు, మన పని మనమే చేసుకుందాం’ అని. ఆ ఆత్మగౌరవాన్ని గౌరవిస్తం. కానీ ఇసబెల్ కెర్ బయటిదే. తారకం ఈ జిల్లాకు బయటోడే. బుద్ధుడు కూడా మన వాడలో పుట్టలేదు. బయట, లోపల అన్నది పుట్టుకతో తేలదు. వచ్చినోడు నేర్చుకుంటున్నడా లేదా అన్నదానితో తేలుతది.

కనుక ప్రతి సంఘం, ప్రతి వాడ ఈ కింది సంగతులు గ్రామసభలో చదివి తీర్మానం చెయ్యాలని కోరుతున్నాం.

1. వాడలో ఏ సంస్థ పని చేసినా దాని కమిటీలో సగం మంది వాడవాళ్లు ఉండాలె. అందులో సగం ఆడవాళ్లు ఉండాలె. సంతకం పెట్టడానికి కాదు, నిర్ణయం చెయ్యడానికి.

2. వచ్చిన పైసలు ఎన్ని, జీతాలకు ఎన్ని, వాడకు ఎన్ని – మూడు నెలలకొకసారి అందరి ముందు తెలుగులో చదివి వినిపించాలె.

3. అడగకుండా ఫోటో తియ్యొద్దు. రోగి ఫోటో, పిల్లల ఫోటో, ముసలోళ్ల ఫోటో అసలే వద్దు.

4. ఏ పని మొదలుపెట్టకముందు నెల రోజులు వినాలె. ఏం కావాలో వాడ చెప్పాలె. చెప్పినోళ్ల పేరు రిపోర్టులో రావాలె.

5. మన దగ్గర నేర్చుకున్న మందు, పాట, కథ, పనితనం ఏదైనా సరే, పుస్తకంలో వేసుకుంటే మన పేరు వెయ్యాలె. పైసలొస్తే మన వాటా ఇయ్యాలె.

6. సేవ పేరుతో హక్కు పోరాటాన్ని ఆపొద్దు. కూలి కోసం సమ్మె నడిచేటప్పుడు మీరు ఏ దిక్కు నిలబడతరో ముందే చెప్పాలె.

7. మన సంఘాల్లో చిందు, డక్కలి, మాష్టీ లాంటి కులాలవాళ్లకు కమిటీలో చోటు ఉండాలె. సంఘం భోజనం ఏడాదికి ఒక్కసారైనా వాళ్ల ఇండ్లలో జరగాలె.

ఈ ఏడు మాటలకు ఒప్పుకున్నోళ్లను తమ్ముడా, అక్కా అని పిలిచి మంచం వాల్చుదాం. ఒప్పుకోనోళ్ల దుప్పట్లు వాళ్లకే తిరిగి ఇద్దాం. చలికి ఓర్చుకున్న వాడ ఇది, ఇంకొక్క చలికాలం కూడా ఓర్చుకుంటది.

సంఘాల కార్యకర్తలు ఈ తీర్మానాన్ని వచ్చే అమావాస్య లోపల తమ వాడ సభలో పెట్టాలె. ఏ వాడ ఏం తీర్మానించింది, ఏ మాట మార్చింది, ఏ మాట కలిపింది అన్నది మాకు రాసి పంపండి. పత్రికలో అచ్చు వేస్తాం. మేం రాసింది మొదటి ముసాయిదా మాత్రమే. వాడ దిద్దినంకనే అది తీర్మానం అవుతది.

జై భీమ్!